‘శేవూ’, ‘ఉరూ’ల వెంట: ఐరిష్ మీడియం ప్రాథమిక బడుల్లో ఎనిమిది రోజులు

మార్చి 3, సోమవారం: డబ్లిన్

బస్సు నుదుటి మీద ‘అన్ లార్’ అని కనిపిస్తే అది ఊరి నడిబొడ్డుకు పోతుందని అర్థం. డబ్లిన్ చేరినవాళ్ళకు ఎదురయ్యే మొదటి ఐరిష్ మాటల్లో ఇదొకటి. లీప్ కార్డు తాకిస్తే రెండు యూరోలు పోతాయి. తొంభై నిమిషాల లోపల ఎన్ని బస్సులు మారినా మళ్ళీ కట్టక్కర్లేదు.

ఐరిష్ మీడియం బడిని గేల్‌స్కెల్ అంటారు. గేల్తఖ్త్, అంటే ఐరిష్ ఇంటిభాషగా మిగిలిన ప్రాంతాలు, వాటికి బయట ఉన్న బడులకే ఈ పేరు. 1917లో లూయీజ్ గావన్ డఫీ డబ్లిన్‌లో స్కెల్ వ్రీజ అనే బడి పెట్టింది. అయినా 1972 నాటికి దక్షిణ ఐర్లండ్ మొత్తంలో గేల్తఖ్త్ బయట ఇలాంటి ప్రాథమిక బడులు పదకొండే. ఇప్పుడు నూటయాభై దాటాయి. గేల్తఖ్త్ బడులనూ కలుపుకుంటే ప్రాథమిక విద్యార్థుల్లో సుమారు 8 శాతం మంది ఐరిష్‌లోనే చదువుకుంటున్నారు. ఈ పెరుగుదలకు మూలం ప్రభుత్వ ఆజ్ఞ కాదు. చాలాచోట్ల తల్లిదండ్రులు కమిటీ కట్టి, గది వెతికి, పేర్లు రాయించుకుని మొదలుపెట్టిన బడులివి.

బయటివాళ్ళు వెళ్తే ముందు ఆఫీసులో పుస్తకంలో సంతకం పెట్టాలి. పోలీసు పరిశీలన పత్రం లేనివాళ్ళను పిల్లల దగ్గర ఒంటరిగా వదలరు. అడుగడుగునా టీచరు పక్కనే ఉంటుంది. అది మంచి పద్ధతే.

చూసింది ‘నీనాన్ వ్యాగ’, చిన్న శిశుతరగతి. నాలుగైదేళ్ళ పిల్లలు. వాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఐరిష్ లేదు. సెప్టెంబరులో చేరారు, మార్చికి ఆరు నెలలయింది. రోజుకు బడి 4 గంటల 40 నిమిషాలు, పెద్ద తరగతులకు ఇంకో గంట ఎక్కువ. ఆ సమయమంతా టీచరు నోట ఇంగ్లిషు ముక్క రాదు. పిల్లలు ఇంగ్లిషులో అడగొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. జవాబు మాత్రం ఐరిష్‌లోనే వస్తుంది.

మొదటి వారాల్లో పని నడిపేవి చేతులు, బొమ్మలు, ప్రతిరోజూ ఒకే క్రమం. ‘కూర్చోండి’, ‘లేవండి’, ‘తలుపు వెయ్యి’, ‘కోటు తగిలించు’ అనే మాటలు అదే వేళకు, అదే గొంతుతో, అదే సైగతో వినిపిస్తాయి. వాక్యాన్ని రోజుకో రకంగా మార్చి చెబితే పిల్లవాడికి పట్టు దొరకదు. కొత్త టీచర్లు చేసే మొదటి పొరపాటు ఇదే. వైవిధ్యం బాగుంటుందనుకుని ఒకే పనికి నాలుగు వాక్యాలు వాడతారు.

ఐర్లండ్‌లో బడికెళ్ళిన ఎవరిని నిద్రలేపి అడిగినా తప్పులేకుండా చెప్పే వాక్యం ఒకటుంది: ‘అన్ విల్ క్యాడ్ అగమ్ డుల్ గ జీ అన్ లెహ్రస్?’ మరుగుదొడ్డికి వెళ్ళడానికి అనుమతి ఉందా అని. దీన్ని తోకవైపు నుంచి నేర్పుతారు. పిల్ల ఇంగ్లిషులో అడిగితే టీచరు వాక్యమంతా నెమ్మదిగా చెప్పి, చివరి ‘లెహ్రస్’ ఒక్కటీ పలికించి పంపేస్తుంది. తర్వాతి వారం ‘అన్ లెహ్రస్’. ఆ తర్వాత ‘డుల్ గ జీ అన్ లెహ్రస్’. ఇలా వెనక నుంచి కడితే వాక్యం చివర గొంతు జారిపోదు, తెలిసిన ముక్క దగ్గరే ముగుస్తుంది. దెబ్బ తగిలినా, భయం వేసినా, కడుపునొప్పి వచ్చినా ఈ నియమాలేవీ ఉండవు. ఏ భాషలో చెప్పినా వింటారు, ఏ భాషలో కావాలంటే ఆ భాషలో ఓదారుస్తారు.

పదిన్నరకు చిన్న విరామం. డబ్బాల్లో రొట్టెముక్కలు, ఆపిల్, క్యారెట్. స్టాఫ్ రూమ్‌లో కెటిల్ చల్లారదు. ముదురు గోధుమ రంగు సోడా రొట్టె మీద వెన్న మందంగా రాసి ఇచ్చారు. వద్దని ఒకసారి అంటే మళ్ళీ అడుగుతారు. మన ఇళ్ళలోలాగే మూడోసారికి తీసుకోవడం మర్యాద.

మార్చి 4, మంగళవారం: డబ్లిన్, అట్ల మంగళవారం

క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందురోజు ఇది. దేశమంతా పలచని అట్లు పోసుకుని, నిమ్మరసం పిండి, పంచదార చల్లుకుని తింటారు. మనకు అట్లతద్ది ఉన్నట్టే. మూడో తరగతి గదిలో టీచరు కరెంటు పెనం పెట్టింది. పాఠం పేరుకు వంట, అసలు లక్ష్యం క్రియలు.

కొలత బోర్డు మీద రాసింది: పిండి 100 గ్రాములు, గుడ్లు 2, పాలు 300 మిల్లీలీటర్లు, చిటికెడు ఉప్పు. ఇరవైఆరు మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఒక చిన్న అట్టు. మూడు రెట్లు కలపాలి. లెక్క పిల్లలే కట్టారు: 300, 6, 900. గణితమూ భాషా అక్కడే కలిసిపోయాయి.

కలుపుతున్నంతసేపూ ఆజ్ఞలే: ‘డొర్చ్’ అంటే పొయ్యి (పోయమని), ‘మ్యాస్క్’ అంటే కలుపు, ‘బూల్’ అంటే గిలకొట్టు, ‘కాస్’ అంటే తిప్పు. ఒకరు చెప్పాలి, ఒకరు చెయ్యాలి. పిండిని అరగంట నానబెట్టారు, అసలు పాఠం ఆ అరగంటలో జరిగింది. ఇప్పుడేం చేశామో చెప్పండి అంది టీచరు. అంటే భూతకాలం. ఐరిష్‌లో భూతకాలానికి మాట తోక మారడం కాదు, తల మెత్తబడుతుంది. ‘మ్యాస్క్’ కాస్తా ‘వ్యాస్క్’, ‘బూల్’ కాస్తా ‘వూల్’, ‘కాస్’ కాస్తా ‘ఖాస్’, ‘డొర్చ్’ కాస్తా గొంతులో రాసుకుపోయే ‘ఘొర్చ్’. ఈ మెత్తబడటాన్ని ‘శేవూ’ అంటారు. రాతలో హల్లు పక్కన ఒక హెచ్ చేరుతుంది. చేతులకు పిండి అంటుకున్న పిల్లలు ‘పొయ్యి’, ‘పోశాను’ మధ్య తేడాను నోటితో పట్టుకోవడం దగ్గర్నుంచి చూడాల్సిన దృశ్యం. ఒకడు మాత్రం హెచ్ మరిచిపోయి ‘బూల్ మే’ అన్నాడు. టీచరు తప్పన్నది లేదు. “ఓహో, వూల్ తూ ఎ” అని, నువ్వు గిలకొట్టావా అంటూ సరైన రూపాన్ని తిరిగి వాడి ముందు పెట్టింది. వాడు రెండోసారి దిద్దుకున్నాడు. ఈ పద్ధతికి ఓపిక కావాలి. రోజుకు వందసార్లు చెయ్యాలి.

మొదటి అట్టు చిరిగింది, పెనం కాగలేదు. అదీ ఒక వాక్యమైంది.

కప్పులు లెక్కపెట్టేటప్పుడు ఇంకో చిక్కు. అంకెను బట్టి వస్తువు పేరు తల మారుతుంది. కప్పు ‘కుపాన్’. మూడు కప్పులు ‘త్రీ ఖుపాన్’, ఏడు కప్పులు ‘శాఖ్త్ గుపాన్’. రెండు నుంచి ఆరు దాకా శేవూ, ఏడు నుంచి పది దాకా ‘ఉరూ’. ఉరూ అంటే ముందుకు వేరే హల్లు వచ్చి అసలు హల్లును మింగేయడం. ‘క’ను ‘గ’, ‘త’ను ‘ద’, ‘ప’ను ‘బ’ మింగుతాయి. తెలుగు వ్యాకరణం చదివినవాళ్ళకు ఇక్కడ సరళాదేశ సంధి గుర్తుకొచ్చి తీరుతుంది: పూచెను కలువలు, పూచెను గలువలు. పోలిక పైపైది కాదు. మనకు అక్కడ ద్రుతం, అంటే నకారం, పరుషాన్ని సరళం చేసింది. వాళ్ళకు ‘లో’ అనే అర్థమిచ్చే ‘ఇ’ ఒకప్పుడు ‘ఇన్’. ఆ న పోయి, పక్క హల్లులో ముద్ర వదిలింది. కార్క్ నగరం ‘కోర్కి’, కార్క్‌లో అంటే ‘ఇ గోర్కి’. ట్రలీ ‘త్రా లీ’, అందులో అంటే ‘ఇ ద్రా లీ’. రాతలో రెండు హల్లులూ పక్కపక్కనే కనిపిస్తాయి, పలికేది మొదటిదే. ఏది మింగింది, ఏది మింగుడుపడింది అన్నది కాగితం మీద దాగదు. చదవడం నేర్పే టీచరుకు ఇదే సాయం, ఇదే బెడద.

మార్చి 5, బుధవారం: రా ఖార్న్, మీద్ కౌంటీ

ఇది బూడిద బుధవారం. క్యాథలిక్ బడిలో పిల్లల నుదుటి మీద బూడిద గుర్తు, దూరం నుంచి విభూతి బొట్టులాగే ఉంది.

డబ్లిన్‌కు వాయవ్యంగా పచ్చిక భూముల మధ్య ఉన్న ఈ పల్లె ఒక ఉద్యమ ఫలం. 1935లో పడమటి తీరంలోని కొనమారా నుంచి 27 కుటుంబాలను ఇక్కడికి తెచ్చి, ఇల్లు, పొలం ఇచ్చి స్థిరపరిచారు. చుట్టూ ఇంగ్లిషు ఊళ్ళు. గేల్తఖ్త్‌గా గుర్తింపు రావడానికి 1967 దాకా పోరాడాల్సి వచ్చింది. అంత చిన్న ఊరు తొంభై ఏళ్ళుగా భాషను నిలబెట్టుకోవడంలో బడి వాటా పెద్దది.

గేల్తఖ్త్ బడులకు 2017 నుంచి ఒక గుర్తింపు పథకం ఉంది. అందులో చేరిన బడి మొదటి రెండేళ్ళూ, శిశుతరగతులు రెండూ, ఇంగ్లిషు పాఠమే చెప్పకూడదు. దీని వెనక ఒక గొడవ ఉంది. 2007లో విద్యాశాఖ సర్క్యులర్ ఇచ్చింది: చిన్న శిశుతరగతి రెండో టర్మ్ నుంచే వారానికి రెండున్నర గంటలు ఇంగ్లిషు చెప్పి తీరాలని. బడులు ఎదురుతిరిగాయి, తర్వాత అది వెనక్కి పోయింది. వారానికి రెండున్నర గంటలే కదా అనిపిస్తుంది. కానీ టీచరు నోట ఒకసారి ఇంగ్లిషు వింటే, ఆమెకు ఇంగ్లిషు వచ్చని, దానితో పని జరిగిపోతుందని పిల్లకు తెలిసిపోతుంది. అందుకే తర్వాతి తరగతుల్లో ఇంగ్లిషు పాఠం పక్కగది టీచరుతో చెప్పించే బడులు ఉన్నాయి. తమ టీచరు మాత్రం ఐరిష్ మనిషిగానే మిగులుతుంది.

చదవడం ముందు ఐరిష్‌లో వస్తుంది, తర్వాత ఇంగ్లిషు. రెంటికీ రోమన్ లిపే కావడంతో తికమక గట్టిగానే ఉంటుంది. ఇంగ్లిషులో చిక్కుడుగింజ అని చదివే అక్షరాల వరుసే ఐరిష్‌లో ‘బ్యాన్’, అంటే ఆడమనిషి. ఇంగ్లిషువాడికి భయమైన మాట ఇక్కడ ‘ఫార్’, మగవాడు. ఇంగ్లిషులో నేర్పడం ఇక్కడ ‘చాఖ్’, ఇల్లు. రెండో తరగతి దాకా పిల్లలు ఈ దారుల కూడలిలో తప్పుతూనే ఉంటారు, తర్వాత సర్దుకుంటుంది. లిపి వేరైన మనకు ఈ కష్టం తెలియదు.

మార్చి 6, గురువారం: గాల్వే నుంచి కొనమారాలోని అన్ హ్యారూ రూవ

424 నంబరు బస్సు సముద్రం ఒడ్డునే పడమరకు పోతుంది. రాతి గోడలు, బురద నేల, మధ్యమధ్య గుర్రం. గేల్తఖ్త్‌లో ఊరి బోర్డులు ఐరిష్‌లోనే ఉంటాయి. ఫోన్ మ్యాపులో ఇంగ్లిషు పేరు చూసుకుంటూ కూర్చున్నవాళ్ళు దిగాల్సిన చోట దిగలేరు. మేమూ ముందే, కాస్ల అనే చోట దిగిపోయాం. 1972 నుంచి ఐరిష్‌లో ప్రసారాలు చేస్తున్న రేడియో నా గేల్తఖ్త ప్రధాన కేంద్రం అక్కడే ఉంది. అక్కణ్ణుంచి నాలుగైదు కిలోమీటర్లు నడక, పక్కకు కొట్టే వాన. ఒక పెద్దాయన కారు ఆపి ఎక్కించుకున్నాడు. ఎదురొచ్చే ప్రతి కారుకూ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తుతాడు, వాళ్ళూ ఎత్తుతారు. అదే పలకరింపు.

కొత్త మొహం కనపడగానే ఇక్కడివాళ్ళు మర్యాదకొద్దీ ఇంగ్లిషులోకి మారిపోతారు. ఐరిష్‌లోనే చెప్పండి, మెల్లగా చెప్పండి అని అడిగితే సంతోషిస్తారు. బస చేసిన ఇంటి యజమానురాలిని ‘బ్యాన్ అ టీ’ అంటారు, ఇంటావిడ అని. మనిషికి రాత్రికి యాభై యూరోలు, ఉదయం ఫలహారంతో కలిపి. సాయంత్రం చేపలు, బంగాళదుంపలు వేసిన చిక్కటి చౌడర్, పక్కన మజ్జిగతో పిసికిన సోడా రొట్టె. వేసవిలో ఊరూరి పిల్లలు, ఏడాది పొడవునా టీచరు శిక్షణలో ఉన్నవాళ్ళు ఇలాంటి ఇళ్ళలోనే ఉండి భాష నేర్చుకుంటారు. విదేశాల్లో శిక్షణ పొంది వచ్చి ఐర్లండ్ ప్రాథమిక బడిలో స్థిరపడాలనుకునే టీచరు, మనవాళ్ళయినా సరే, మూడేళ్ళలోగా ఐరిష్ అర్హత సంపాదించాలి. అది ఇంగ్లిషు మీడియం బడికీ వర్తించే నియమం.

మార్చి 7, శుక్రవారం: అక్కడి బడి

డబ్లిన్ సమస్యకు ఇక్కడిది తలకిందులు. ఒకే బెంచీ మీద ఇంట్లో ఐరిష్ మాట్లాడే పిల్ల, ఇంగ్లిషు మాట్లాడే ఇంటి పిల్లవాడు. టీచరు రానివాడి కోసం భాషను తగ్గిస్తే వచ్చిన పిల్లకు కొత్తగా దొరికేది ఏమీ ఉండదు. పైగా ఆటలో మొత్తం గుంపు ఇంగ్లిషుకు మారడానికి రానివాడు ఒక్కడు చాలు. అందుకని రోజులో కొంతసేపు ఇంటిభాషగా ఐరిష్ ఉన్న పిల్లలను విడిగా కూర్చోబెట్టి, సామెతలు, పొడుపుకథలు, పాత పాటలు, ఊళ్ళోని పెద్దవాళ్ళ మాటలతో భాషను మందం చేస్తున్నారు. భాషా సహాయకురాలు ఒకామె వచ్చి నలుగురితో వల అల్లడం గురించి మాట్లాడించింది. ముడులకు ఎన్ని పేర్లో!

పలకరింపులోనే మూడు మాండలికాలు. ఇక్కడ ‘కే హీ విల్ తూ’, దక్షిణాన ‘కనస్ తా తూ’, ఉత్తరాన ‘గజే మర్ తా తూ’. 1958లో ప్రభుత్వం ప్రమాణరూపం ప్రకటించింది, పాఠ్యపుస్తకాలు దాన్ని పట్టుకుంటాయి. కొనమారా పిల్ల తన అమ్మమ్మ మాటను పుస్తకంలో చూడదు. మంచి టీచరు రెండూ ఒప్పేనని చెప్పి, మొదట ఇంటి మాటతోనే రాయిస్తుంది. ‘ఎట్లున్నవ్’ అన్న పిల్లవాణ్ణి ‘ఎలా ఉన్నావు’ అనమని దిద్దిన బడుల నుంచి వచ్చినవాళ్ళకు దీని విలువ తెలుసు.

మార్చి 8, 9: గాల్వే

శనివారం సంత సెయింట్ నికలస్ చర్చి పక్క సందులో. చీజ్, ఆల్చిప్పలు, వేడి డోనట్లు. చౌడర్ గిన్నె పన్నెండు యూరోలు.

ఇక్కడి వైద్య పరికరాల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్ళు ఉన్నారు. గేల్‌స్కెల్‌లో మూడో తరగతి చదువుతున్న ఒక తెలుగు అమ్మాయి ‘బెర్ట్, త్రూర్, క్యాహ్‌రర్’ అని లెక్కపెట్టింది. మనుషులను లెక్కపెట్టడానికి ఐరిష్‌లో వేరే అంకెలు ఉంటాయి. ఇంగ్లిషు ఇళ్ళ పిల్లలు దీనితో ఏళ్ళ తరబడి తంటాలు పడతారు. ఆ పిల్లకు అది ‘ఇద్దరు, ముగ్గురు, నలుగురు’. వచ్చేసింది. ‘తా ల్యావర్ అగమ్’ అంటే నా దగ్గర పుస్తకం ఉంది. కలిగి ఉండటానికి ప్రత్యేక క్రియ మనకూ లేదు, వాళ్ళకూ లేదు. ‘తా ఓక్రస్ ఒరమ్’ అంటే నా మీద ఆకలి ఉంది, ‘నాకు ఆకలిగా ఉంది’కి చుట్టం. ‘అవును’, ‘కాదు’ బదులు క్రియతోనే జవాబివ్వడమూ అంతే: వస్తావా అంటే వస్తాను.

గేల్‌స్కెల్ పిల్లల భాషలో ముదిరే జబ్బు ఇక్కడే. ఇంగ్లిషు వాక్యం మీద ఐరిష్ మాటలు పేర్చేస్తారు. అన్నిటికీ ‘శా’, అవును, అనేస్తారు. ‘నేను అబ్బాయిని’ అనడానికి ‘తా మే బూఖల్’ అంటారు, సరైనది ‘ఇస్ బూఖల్ మే’. ‘దాన్ని చేస్తున్నాను’లో ‘దాన్ని’ని ఇంగ్లిషులోలాగ చివర పడేస్తారు. ధారాళంగా మాట్లాడుతున్నారు కదా అని మూడో తరగతి దాకా వదిలేస్తే గట్టిపడిపోతుంది. రోజూ దిద్దుతూ పోవడం ఒక్కటే చాలదు. వారానికి ఒక నిర్మాణం తీసుకుని, ఆటగా, వారమంతా, అదొక్కటే నూరించాలి. ఒకేసారి పది తప్పులు పట్టుకున్న టీచరు ఒక్కదాన్నీ మాన్పించలేదు.

2022 జనగణన ప్రకారం ఐరిష్ వచ్చని చెప్పినవాళ్ళు 18 లక్షల 70 వేలకు పైనే. బడి బయట రోజూ మాట్లాడేది దాదాపు 72 వేల మంది. ఆ రెండు అంకెల మధ్య దూరం బడి ఆవరణ గేటు దగ్గరే మొదలవుతుంది. గంట కొట్టగానే పిల్లలు ఇంగ్లిషులోకి దూకుతారు. దీనికి శిక్షలు పెట్టిన చోట ఫలితం ఎదురు తిరిగింది. పెద్దలు దగ్గరుంటే ఐరిష్, మలుపు తిరిగితే ఇంగ్లిషు. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరిష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక కర్ర కట్టి, మాటకొక గాటు పెట్టి, గాట్లు లెక్కపెట్టి కొట్టేవారు. ఆ కర్ర పేరు ‘బాట స్కోర్’. అదే కర్రను తిప్పి ఇంగ్లిషు మీద ఎత్తకూడదని టీచర్లకు తెలుసు. పనికొచ్చింది మరొకటి. ఆటల మాటలే ఐరిష్‌లో నేర్పాలి: నీ వంతు, అవుటయ్యావు, ఇటు వెయ్యి, మోసం, నేనే ముందు. తరగతిలో గుర్రం, చంద్రుడు నేర్చిన పిల్లకు పోట్లాడటానికి మాటలు లేకపోతే ఇంగ్లిషు కాక ఇంకేం మాట్లాడుతుంది? ఐదో తరగతివాళ్ళు చిన్నపిల్లలకు తాడాట నేర్పే బడిలో ఈ మాటలు ఎక్కువగా వినపడ్డాయి.

ఐరిష్ రాని తల్లిదండ్రుల కోసం టీచరు చదివి రికార్డు చేసిన పాఠం ఫోనుకు పంపుతారు. ఇంట్లో పిల్ల పుస్తకం పట్టుకుని వింటూ వేలు నడుపుతుంది. ఇంటిభాషను మానేసి ఇంగ్లిషులో మాట్లాడమని ఎవరూ చెప్పరు. ఆ తెలుగు ఇంట్లో రాత్రి కథ తెలుగులోనే సాగుతోంది.

మార్చి 10, సోమవారం: బెల్‌ఫాస్ట్

ఇది యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్. ఇక్కడ యూరోలు చెల్లవు, పౌండ్లు. ఫాల్స్ రోడ్డు మీద గ్లైడర్ బస్సు జి1 ఎక్కితే పడమటి బెల్‌ఫాస్ట్. 1969లో ఐదు కుటుంబాలు షాస్ రోడ్డులో పక్కపక్కన ఇళ్ళు కట్టుకుని, పిల్లలతో ఐరిష్ తప్ప మాట్లాడకూడదని నిశ్చయించుకున్నాయి. వాళ్ళెవరికీ అది పుట్టుకతో వచ్చిన భాష కాదు. 1971లో తొమ్మిది మంది పిల్లలతో బన్‌స్కెల్ ఫోబల్ ఫెర్ష్చ మొదలైంది. ఉత్తర ఐర్లండ్‌లో మొదటి ఐరిష్ మీడియం బడి అది. 1984 దాకా ప్రభుత్వం పైసా ఇవ్వలేదు, జీతాలకు డబ్బు ఇంటింటికీ తిరిగి పోగుచేశారు.

ఫాల్స్ రోడ్డులోని కుల్తూర్లన్ ఒకప్పటి చర్చి, ఇప్పుడు ఐరిష్ సాంస్కృతిక కేంద్రం. కింద కాఫీ హోటల్లో మధ్యాహ్నం మూడింటికి బడి యూనిఫాంలో ఒక పిల్ల, పక్కన నాన్న. ఆయన కౌంటర్ దగ్గర ఇంగ్లిషులో ఆర్డరిచ్చి వచ్చి కూర్చున్నాడు. ఆ పిల్ల ఐరిష్‌లో ఏదో అడిగింది. ఆయన తడబడుతూ మొదలుపెట్టి, ఒక మాట దగ్గర ఆగిపోయాడు. పిల్ల ఆ మాట అందించింది. ఆయన దాన్ని పలికి, వాక్యాన్ని మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు.